బిగుసుకుపోయిన పాత బోటు ఇంజిన్: సుత్తి తీయనా, ఆగనా?

#1 పాతఇనుము
అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడి పోస్టులు చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్న రకం ఇంజిన్ ఒకటి మొన్న నా షెడ్డులోకి చేరింది. ఒకటే సిలిండర్, టూ స్ట్రోక్, పెట్రోలుతో నడిచే పాతకాలపు ఇన్‌బోర్డ్, అంటే పడవ లోపలే బిగించే రకం. ముందువైపు తిరగలిరాయంత ఫ్లైవీల్, సిలిండర్ నెత్తిన చిన్న ఇత్తడి గిన్నె. స్పార్క్ ప్లగ్ మాత్రం ఎక్కడా లేదు. అది ఉండాల్సిన చోట మీటలతో ఏదో పరికరం బిగించి ఉంది. నేమ్‌ప్లేట్ ఎవరో పీకేశారు, రెండు రివెట్ల బెజ్జాలే మిగిలాయి.

సముద్రంలో పనిచేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉందట. ఫ్లైవీల్ వెంట్రుకవాసి కూడా కదలట్లేదు. నిన్న ఆరడుగుల గొట్టం ఫ్లైవీల్‌కి ఆనించి ఇద్దరం వేలాడాం. ఊహూఁ. రేపు పెద్ద సుత్తి, చెక్క దిమ్మ తీసుకుందామనుకుంటున్నా. దానికి ముందు మీ మాట విందామని రాస్తున్నా.

#2 టకటక
పాతఇనుము గారూ, అభినందనలు. అది మేక్ అండ్ బ్రేక్ ఇంజిన్. ఆ మీటల పరికరాన్ని ఇగ్నైటర్ అంటారు. సిలిండర్ లోపలే రెండు లోహపు ముక్కలు తాకి, సరైన క్షణంలో టక్కున విడిపోతాయి. విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వతోనే పెట్రోలు అంటుకుంటుంది. హై టెన్షన్ కరెంటుతో పనే లేదు, 6 వోల్టుల బ్యాటరీ, ఒక లో టెన్షన్ కాయిల్ ఉంటే చాలు. ఉప్పునీటి తుంపర్లలో తడిసిన పడవలో ప్లగ్ వైరు కరెంటంతా బయటికి లీక్ చేస్తుంటే, ఇది మాత్రం నిక్షేపంగా తిరిగేది. చేపల పడవల వాళ్ళు దీన్ని అంత కాలం వదలకపోవడానికి కారణం అదే.

కెనడాలోని నోవా స్కోషియాలో లునెన్‌బర్గ్ ఫౌండ్రీ వాళ్ళ అట్లాంటిక్, బ్రిడ్జ్‌వాటర్‌లో తయారైన అకేడియా ఈ కోవలోవే. అమెరికాలో కనెక్టికట్ వైపు పామర్, లాత్రాప్ కంపెనీలు పడవల ఇంజిన్లకి పేరుమోశాయి. మీది ఎవరిదో ఫొటో చూడకుండా చెప్పలేం. ఫ్లైవీల్ వెనక, సిలిండర్ పునాది దగ్గర, క్రాంక్‌కేస్ మీద పోతలోనే వచ్చిన అంకెలుంటాయి. వాటి మీద సుద్దముక్క రాసి ఫొటో తీయండి, స్పష్టంగా కనిపిస్తాయి.

#3 లేత్‌పని
సుత్తి ముట్టుకోవద్దు. ఆ గొట్టం కూడా తీసేయండి.

పిస్టన్ కదలనప్పుడు ఫ్లైవీల్ మీద మీరు వేసిన బరువంతా ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఫ్లైవీల్‌ని క్రాంక్‌కి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, అదే కీ, దాని మీదకి, క్రాంక్ మీదకి, కనెక్టింగ్ రాడ్ మీదకి పోతుంది. కీ తెగితే మళ్ళీ చేసుకోవచ్చు. రాడ్ వంగితే ఇంజిన్ జీవితాంతం ఒక పక్కకి అరుగుతుంది. ఇక పిస్టన్ మీద కొడితే, పోత ఇనుము వంగదు, పగులుతుంది. పైగా ఆ కాలపు టూ స్ట్రోక్ పిస్టన్ తల మీద గోడలాంటి ఒక మిట్ట ఉంటుంది. లోపలికొచ్చే పెట్రోలు ఆవిరి తిన్నగా ఎగ్జాస్ట్‌లోకి పోకుండా పైకి మళ్ళించేది అదే. అక్కడ చిన్న పెచ్చు ఊడినా పిస్టన్ పనికిరాదు.

ముందు ఒక సంగతి చూడండి. సిలిండర్ పైభాగంలో హెడ్ విడిగా ఉన్నట్టు కీలు గీత ఉందా, లేక మొత్తం ఒకే పోతా? ఒకే పోత అయితే పైనుంచి పిస్టన్‌ని అందుకోలేరు. క్రాంక్‌కేస్ పక్కన చిన్న మూత ఉంటుంది. అది తీస్తే రాడ్ కింది బేరింగ్ కనబడుతుంది. అక్కడి రెండు బోల్టులు, సిలిండర్ పునాది నట్లు విప్పితే సిలిండర్, పిస్టన్, రాడ్ మూడూ ఒకే ముక్కగా పైకి లేస్తాయి. బేరింగ్ మధ్య పలచటి రేకులుంటాయి, వాటినే షిమ్ములంటాం. ఏ వైపు షిమ్ములు ఆ వైపే దారం కట్టి, చీటీ రాసి పెట్టుకోండి. ఇంతకాలం ఆ బేరింగ్ ఎంత అరిగింది, ఎన్నిసార్లు సర్దారు అన్న చరిత్రంతా వాటిలోనే ఉంటుంది.

#4 కొత్తవాణ్ణి
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఒక రాత్రి ఉంచితే వదలదా?

#5 మాగ్నెటోపిచ్చి
తమ్ముడూ, ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తరిమేది అని అర్థం. దాని అసలు పని అదే. ఏళ్ళ తుప్పులోకి దిగాలంటే అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సగం సగం కలిపి వాడతాం. రెండూ ఒకదాంట్లో ఒకటి కలవవు, వాడే ప్రతిసారీ సీసా బాగా కుదపాలి. ఆవిరికి ఇట్టే మంట అంటుకుంటుంది కాబట్టి తలుపులు తెరిచి పెట్టుకుని, దగ్గర్లో ఏ నిప్పూ లేకుండా చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఓపిక. నా దగ్గర ఒక పాత అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే ఇంజిన్) నాలుగు నెలలు నానింది. రోజూ సాయంత్రం ప్లగ్ బెజ్జంలో ఒక చెంచా పోయడం, వారానికోసారి హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్‌ని బయటినుంచి వెచ్చబెట్టడం, అంతే. వేడికి సిలిండర్ కాస్త వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు నూనెని లోపలికి పీల్చుకుంటుంది. ఒక రోజు చెయ్యి వేస్తే అదంతట అదే కదిలింది. ఆ రోజు నేను చేసిన కొత్త పనేమీ లేదు.

#6 పాతఇనుము
లేత్‌పని గారూ, మీరు చెప్పింది నిజమే, ఒకే పోత. రాడ్ బోల్టులు వదిలాయి, షిమ్ములు చీటీలతో డబ్బాలో ఉన్నాయి. సిలిండర్ విడిగా బల్ల మీదకొచ్చింది. పిస్టన్ మాత్రం అందులోనే బిగుసుకుని ఉంది.

ఇంకో సంగతి భయపెడుతోంది. సిలిండర్ చుట్టూ చల్లార్చే నీళ్ళు తిరిగే అర, అదే నీళ్ళ జాకెట్, దాని కింది అంచున పెయింటు గీకుతుంటే చాకు ఇనుములోకి దిగింది. పైకి చూస్తే ఆకారం, అంచులు, పోత గుర్తులు అన్నీ చక్కగా ఉన్నాయి. కానీ పెన్సిల్ చెక్కినట్టు నల్లటి పొడి రాలుతోంది, వేలికి రుద్దితే పెన్సిల్ ముల్లులా మెరుస్తోంది. ఇదేం తుప్పు?

#7 ఇత్తడిరేకు
అది మామూలు తుప్పు కాదండీ. పోత ఇనుములో ఇనుముతోపాటు సన్నటి రేకుల రూపంలో గ్రాఫైట్ ఉంటుంది. ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటే ఇనుము కరిగిపోతుంది, గ్రాఫైట్ జల్లెడ మిగులుతుంది. ఆ జల్లెడ ఆకారాన్ని ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతుంది. అందుకే చూపుకి అంతా బాగున్నట్టే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. సముద్రంలో పనిచేసిన ఇంజిన్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళితే మంచి ఇనుము గంటలా ఖంగుమంటుంది, చెడినచోట తడి చెక్కని తట్టినట్టు దబ్ అంటుంది. మీరూ జాకెట్ చుట్టూ తట్టి, దబ్ అన్న మేరకు సుద్దతో గీత గీయండి. ఎంత మేర పోయిందో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

ప్రొపెల్లర్ ఉంటే అదీ చూడండి. ఇత్తడిలో జింకు కరిగిపోతే పసుపు రంగు పోయి గులాబీ రంగు రాగి మిగులుతుంది. అలాంటి ప్రొపెల్లర్ రెక్క బలంగా వంచితే పుటుక్కున విరుగుతుంది.

#8 పాతఇనుము
తట్టి చూశాను. కింది అంచు వెంబడి అరచేతి వెడల్పున దబ్ అంటోంది. మిగతాదంతా ఖంగు.

#9 లేత్‌పని
అయితే ఇంజిన్ బతికే ఉంది. ఇప్పుడు పిస్టన్ సంగతి.

ఒకే పోత సిలిండర్లకి గ్రీజు పద్ధతి మంచిది. ఇగ్నైటర్ తీసి ఆ చోట దళసరి ఇనుప ప్లేటు, గ్యాస్కెట్ వేసి బిగించాలి. నెత్తిన గిన్నె తీసి అక్కడ గ్రీజు నిపుల్ పెట్టాలి. లోపల గాలి లేకుండా నూనె నింపి, తర్వాత గ్రీజు ఎక్కించాలి. పిస్టన్ తల మొత్తం మీద సమానంగా ఒత్తిడి పడుతుంది, సుత్తి దెబ్బలా ఒక్కచోట పడదు. ఒక్క మెలిక ఉంది. టూ స్ట్రోక్ కాబట్టి సిలిండర్ గోడలో పోర్టులున్నాయి, అంటే పెట్రోలు ఆవిరి వచ్చే, పొగ పోయే బెజ్జాలు. పిస్టన్ పోర్టులకి పైన బిగుసుకుని ఉంటేనే ఇది పనిచేస్తుంది. పోర్టుల కంటే కిందికి దిగి ఉంటే గ్రీజంతా పోర్టుల్లోంచి బయటికి వస్తుంది.

ఇక లెక్క చూడండి. మీ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, నాలుగు అంగుళాలనుకుందాం. పిస్టన్ తల వైశాల్యం సుమారు పన్నెండున్నర చదరపు అంగుళాలు. 1,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 1,000 పౌండ్ల ఒత్తిడి) ఎక్కిస్తే పిస్టన్ మీద పడే బలం దాదాపు 12,500 పౌండ్లు, అంటే 5.7 టన్నులు. చేత్తో కొట్టే గ్రీజు గన్ దీనికి ఎన్నో రెట్ల పీడనం తేగలదు. అంతే బలం పైన సిలిండర్ కప్పు మీద కూడా పడుతుంది. మీ జాకెట్ బయటి గోడ తినేసి ఉంది కాబట్టి, నీళ్ళ వైపు నుంచి లోపలి గోడ ఎంత పలచబడిందో పిస్టన్ బయటికొచ్చేదాకా తెలీదు. అందుకని మూడు వారాలైనా నాననివ్వండి. తర్వాత గ్రీజు గన్ కాకుండా, గేజ్ ఉన్న చేతి హైడ్రాలిక్ పంపు వాడండి. 500 దాటొద్దు. సిలిండర్ మీద మందపాటి దుప్పటి కప్పి, మీరు పక్కకి నిలబడండి.

#10 టకటక
లేత్‌పని గారి మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, జాకెట్ తినేసిన ఇంజిన్‌ని మళ్ళీ నడపాలా అన్నది నా ప్రశ్న. బిగుసుకున్నది వదిలించి, శుభ్రం చేసి, చేత్తో తిప్పితే తిరిగేలా పెట్టుకుంటే చాలదా? రేపు నడుస్తుండగా ఒక ముక్క ఊడితే మళ్ళీ దొరికేది కాదు కదా.

#11 ఇత్తడిరేకు
నేను ఒప్పుకోనండీ. ఇది బొమ్మ కాదు, ఇంజిన్. దాని చప్పుడు, పొగ వాసన, ఫ్లైవీల్ తిరిగేటప్పుడు నేల అదరడం, ఇవి లేకపోతే దాని గురించి తెలిసేది సగమే. నడపాలి. కాకపోతే ఏడాదికి కొన్ని గంటలే, మంచినీళ్ళతోనే, లోడ్ లేకుండానే. కాపాడాల్సింది ఇంజిన్ మీద మిగిలి ఉన్న పాత ఆనవాళ్ళని. పాత పెయింటు, రిపేరు గుర్తులు, ఎవరో చేత్తో చేసిన బోల్టు, ఇవి ఒకసారి పోతే తిరిగి రావు.

నేను చేసిన తప్పు చెప్తాను. నా రెండో ఇంజిన్‌ని తొందరపడి ఒక వర్క్‌షాపుకి ఇచ్చి ఇసుకతో బ్లాస్టింగ్ చేయించాను. తళతళలాడుతూ వచ్చింది. ఇత్తడి పలక మీది అక్షరాలు చెరిగిపోయాయి. గ్రీజు పొరల కింద నీలిరంగు అసలు పెయింటు ఉండేదని పాత ఫొటో పెద్దది చేసి చూశాక తెలిసింది, అప్పటికి అది లేదు. నూనె దారుల్లో ఇరుక్కున్న ఇసుక మొదటి గంటలోనే తెల్ల లోహం బేరింగ్‌ని గీకేసింది. బేరింగ్ మళ్ళీ పోయించాను. ఆ పెయింటు మాత్రం ఏం చేసినా రాదు. ఇప్పటికీ ఆ ఇంజిన్ ముందు నిలబడితే బాధేస్తుంది. పాతఇనుము గారూ, కిరసనాయిలు, మెత్తటి బ్రష్, పాత గుడ్డ, ఇంతకు మించి ఏదీ ఆ పెయింటుకి తగలనివ్వకండి.

#12 కొత్తవాణ్ణి
నేను మొదటిసారి ఒక పాత అవుట్‌బోర్డ్ తీసుకుందామనుకుంటున్నా. బ్రిటిష్ సీగల్ ఒకటి కనబడింది. కొత్తవాళ్ళకి మంచిదేనా?

#13 మాగ్నెటోపిచ్చి
సీగల్ అయితే కళ్ళు మూసుకుని తీసుకో. ఇంగ్లండ్‌లోని పూల్ అనే పట్టణంలో తయారయ్యేవి. విప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి ఇంజిన్ నాకు తెలీదు. మూడు విషయాలు గుర్తుంచుకో. పాత మోడళ్ళకి పెట్రోలులో నూనె పదికి ఒకటి చొప్పున కలపాలి. తర్వాతి వాటికి 25కి 1. నీదేదో సీరియల్ నంబరు చూసి తేల్చుకో. రెండోది, గేర్‌బాక్స్‌కి సరైన సీల్ ఉండదు, నీళ్ళు దూరడం మామూలే. చిక్కటి 140 నంబరు గేర్ ఆయిల్ పోసి తరచూ మార్చాలి. తెల్లటి వెన్నలా బయటికొస్తే కంగారు పడకు. మూడోది, నట్లు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల్లో ఉంటాయి. మెట్రిక్ పానా దగ్గరగా పట్టినట్టే ఉంటుంది, రెండో తిప్పుకి నట్టు అంచులన్నీ గుండ్రంగా అయిపోతాయి. విట్‌వర్త్ మరలో పళ్ళ కోణం 55 డిగ్రీలు, అమెరికన్, మెట్రిక్ మరల్లో 60. అందుకే బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే అక్కడే ఆపు.

ఫ్లైవీల్ తీయాలంటే పుల్లర్ వాడు. క్రాంక్ కొస మీద సుత్తి వేయకు. లోపల పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం కరెంటుని తెంచే రెండు లోహపు ముక్కలు, శుభ్రం చేసి గ్యాప్ 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు పెట్టు. నిప్పురవ్వ రాని పాత ఇంజిన్లు చాలావాటికి పాయింట్ల మీది పొర ఒక్కటే రోగం.

ఇంకోటి, ఇథనాల్ కలిసిన పెట్రోలు వద్దు. పాత కార్బురేటర్లలో బెండుతో చేసిన ఫ్లోటు ఉంటుంది, దాని మీద లక్క పూత. ఆల్కహాల్‌కి లక్క కరిగి జెట్ నిండా జిగురు పట్టేస్తుంది.

#14 కొత్తవాణ్ణి
చాలా థాంక్స్ అన్నా. అవుట్‌బోర్డ్ కనిపెట్టింది ఎవిన్‌రూడ్ అంటారు కదా, నిజమేనా?

#15 టకటక
ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకాలు మొదలుపెట్టాడు, జనంలోకి తెచ్చింది ఆయనే. అయితే అంతకుముందే అమెరికాలోనే కామెరాన్ వాటర్‌మన్ అవుట్‌బోర్డ్ తయారుచేసి అమ్మాడు. ఎవిన్‌రూడ్ గొప్పతనం ఆ తర్వాత ఇంకా ఉంది. కంపెనీలో తన వాటా వదులుకుని, మళ్ళీ 1920ల మొదట్లో అల్యూమినియం వాడి ఎల్టో అనే తేలికపాటి రెండు సిలిండర్ల మోటారుతో తిరిగొచ్చాడు. ఎల్టో దొరికితే దాని క్రాంక్‌కేస్‌ని తుప్పు వదిలించే చాకలి సోడా తొట్టిలో మాత్రం వేయకండి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది.

#16 నిర్వాహకులు
సోడా తొట్టి మాట వచ్చింది కాబట్టి. కరెంటుతో తుప్పు వదిలించేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఆరుబయటే చేయండి. ఎదురుగా పెట్టే లోహం మామూలు ఇనుమే అయ్యుండాలి, స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. పాత గ్యాస్కెట్లు, ఎగ్జాస్ట్‌కి చుట్టిన తాళ్ళు ఆస్‌బెస్టాస్ కావచ్చు. పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, తడిపి, మాస్క్ పెట్టుకుని తీయండి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, దాన్నీ పొడి చేయొద్దు.

#17 టకటక
పడవలో పెట్రోలంటే మొదట్లో జనం ఎంత భయపడ్డారంటే, 1886లో డైమ్లర్, మైబాక్ జర్మనీలో నెకార్ నది మీద తమ ఇంజిన్‌తో పడవ నడిపినప్పుడు, అది కరెంటుతో నడుస్తోందనుకునేలా పడవ చుట్టూ తీగలు, పింగాణీ ఇన్సులేటర్లు కట్టారట. ఆ భయం ఉత్తదేం కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. మేక్ అండ్ బ్రేక్‌కి బయట మీట దగ్గర కూడా ఒక్కోసారి చిన్న మెరుపు వస్తుంది. షెడ్డులో నడిపినా కింద గాలి ఆడేలా చూసుకోండి.

#18 పాతఇనుము
మూడు వారాలైంది. ముందు ముఖ్యమైన మాట: కదిలింది!

రోజూ అసిటోన్ మిశ్రమం పోశాను, రోజు విడిచి రోజు సిలిండర్‌ని చెయ్యి పెట్టగలిగినంత వేడి చేసి చల్లారనిచ్చాను. పిస్టన్ స్కర్ట్‌కీ (పిస్టన్ కింది అంచుకీ) సిలిండర్ అంచుకీ అడ్డంగా సూదితో సన్నటి గీత ఒకటి గీసుకున్నాను. పోర్టులకి పైనే ఉంది కాబట్టి పంపు తగిలించాను. 200 దగ్గర ఏమీ లేదు. 300 పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున గేజ్ 260కి దిగి ఉంది. ఎక్కడో కారిందేమో అనుకుంటూ లైటు వేసి చూస్తే, ఆ సూది గీత రెండుగా విడిపోయి ఉంది, మధ్యలో గోటి మందం ఎడం! నేలమీద కూర్చుండిపోయాను. తర్వాత 400 దగ్గర, అంటే లెక్క ప్రకారం దాదాపు 2.3 టన్నుల బలానికి, మెల్లగా జారుకుంటూ మొత్తం బయటికొచ్చింది. పిస్టన్ తల మీది మిట్ట చెక్కుచెదరలేదు. మూడు రింగుల్లో ఒకటి విరిగింది, మిగతా రెండూ గాడిలో తుప్పు పట్టి ఉన్నాయి.

లోపలి గోడ మందం కొలిపించాను, బాగానే ఉంది. బోరులో ఒక పక్క మాత్రం మశూచి మచ్చల్లా గుంటలున్నాయి.

#19 లేత్‌పని
ఎంత సంతోషంగా ఉందో. గుంటలు రింగులు తిరిగే మేరలో ఉంటే బోరు పెంచి స్లీవ్ (లోపల దిగ్గొట్టే కొత్త ఇనుప గొట్టం) వేయాలి, పోర్టులు స్లీవ్‌లో కూడా అవే కొలతకి కోయాలి. అడుగున ఉంటే ముట్టుకోవద్దు, హోన్ చేసి, అంటే సానరాళ్ళతో లోపలంతా సన్నగా రుద్ది, వదిలేయండి. జాకెట్‌కి వెల్డింగ్ వద్దే వద్దు, గ్రాఫైట్ మిగిలినచోట వెల్డింగ్ పట్టదు, వేడికి పక్కన పగులు పాకుతుంది. అక్కడుండేది పంపు తోసే చల్లటి నీళ్ళు మాత్రమే, పీడనం అంతగా ఉండదు. చెడిన ముక్కని మంచి ఇనుము తగిలేదాకా తీసేసి, పైన వంపుకి సరిపడా రాగి రేకు, కింద గ్యాస్కెట్, చుట్టూ చిన్న మరలు. పడవల మీద అప్పట్లో చేసిన రిపేరు కూడా ఇలాగే ఉండేది.

#20 ఇత్తడిరేకు
రాగి రేకుకి పెయింటు వేయకండి. చూసినవాళ్ళకి రిపేరని తెలియాలి.

#21 పాతఇనుము
ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

గుంటలు అడుగునే ఉన్నాయి, హోన్‌తో సరిపోయింది. రింగులు కొత్తవి చేయించాను. రాడ్ బేరింగ్ తెల్ల లోహం బాగానే ఉంది. క్రాంక్ పిన్‌కి నీలిరంగు రాసి తిప్పి చూస్తే రెండు చోట్లే అంటింది. స్క్రేపర్‌తో గీకుతూ, మళ్ళీ రంగు రాస్తూ, నాలుగు సాయంత్రాలు కూర్చుంటే రంగు మొత్తం పరుచుకుంది. ఒక్కో వైపు ఒక్కో షిమ్ము తీయాల్సి వచ్చింది. ఇగ్నైటర్‌లో అభ్రకం వాషర్లు పొరలు పొరలుగా ఊడిపోయాయి. అభ్రకం రేకు తెచ్చి కత్తిరించి కొత్తవి వేశాను. గ్రీజు కింద ముదురాకుపచ్చ పెయింటు బయటపడింది, దాని మీద చేత్తో గీసిన సన్నటి ఎర్ర గీత. అది అలాగే ఉంది, మైనం ఒక్కటే రుద్దాను.

పొద్దున గిన్నెలో కాస్త పెట్రోలు పోసి, పిడి పట్టుకుని (బొటనవేలు పిడి చుట్టూ చుట్టకుండా), కంప్రెషన్‌కి ఎదురుగా ఫ్లైవీల్‌ని ఊపాను. ఎనిమిదోసారి ఒక తుమ్ము. పదకొండోసారి అందుకుంది. టక్... టక్... టక్... మధ్యలో ఆగిపోయిందేమో అన్నంత నెమ్మదిగా తిరిగింది. ఎగ్జాస్ట్‌లోంచి మొదట తుప్పునీళ్ళు, తర్వాత తేట నీళ్ళు. రాగి అతుకు చుట్టూ చుక్క కూడా కారలేదు.

అరగంట తర్వాత, టకటక గారు నాకు విడిగా చెప్పిన కిటుకు, అదే ఇంజిన్‌ని వెనక్కి తిప్పడం, అదీ చేశా. కరెంటు కట్ చేసి, ఫ్లైవీల్ ఆగబోతూ కంప్రెషన్ మీదకి ఎక్కుతుండగా స్విచ్ మళ్ళీ వేశాను. మొదటి రెండుసార్లూ ఊరికే ఆగిపోయింది. మూడోసారి పిస్టన్‌ని వెనక్కి తన్ని, అదే ఇంజిన్ ఎదురు దిక్కున తిరగడం మొదలుపెట్టింది. రివర్స్ గేరు లేకుండా పడవలు రేవులో ఎలా ఆగేవో చేత్తో పట్టుకుని చూసినట్టయింది.

#22 మాగ్నెటోపిచ్చి
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నూనె ఎంత కలిపారు?

#23 పాతఇనుము
రింగులు సర్దుకునేదాకా 16కి 1 కలుపుతున్నా అన్నా. పొగ ఎక్కువే, ఫర్వాలేదు. మెయిన్ బేరింగులకి గ్రీజు కప్పులున్నాయి, పావుగంటకోసారి అర చుట్టు తిప్పుతున్నా.

పోత అంకెలు సుద్ద రాసి ఫొటో తీశాను, టకటక గారూ, చూసి చెప్పండి. వీడియో రాత్రికి పెడతాను. జాకెట్‌లో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, కింద ప్లగ్ విప్పి దించేసి వస్తా.